అమ్మ నిద్రపోయిన దీవి

ప్రిస్సిల్లాకి కూర్చోవడం చేతకాదు. నిలబడే తింటుంది, నిలబడే ఫోన్ మాట్లాడుతుంది. ప్రార్థనకి మోకరించినా, లేస్తూ లేస్తూ మంచం కింది దుమ్ము చూసి చీపురు అందుకుంటుంది. ఫ్లోరిడాలో సముద్రం ఒడ్డునున్న టార్పన్ స్ప్రింగ్స్ దగ్గర ఒక ఆస్పత్రిలో ఆమె నర్సు. రాత్రి ఏడు నుంచి పొద్దున ఏడు దాకా డ్యూటీ. ఇంటికొచ్చి దుప్పటి కప్పుకునే వేళకి ఫోన్ మోగుతుంది. ఎవరో రాలేదు, ఈ రాత్రికి కూడా రాగలవా అని అడుగుతారు. కాదనడం ఆమెకి పుట్టుకతో రాలేదు. "ష్యూర్, ష్యూర్" అనేసి, నిద్ర ఎటూ పోయింది కదా అని పప్పు నానబోస్తుంది.

కూతురు పర్సిస్‌కి పదహారేళ్ళు. నరసాపురం పక్క పల్లెలో జిల్లా పరిషత్ బడిలో తొమ్మిది దాకా చదివి, కిందటి జూన్‌లో అమ్మానాన్నలతో ఇక్కడికి వచ్చింది. ఇక్కడి బడిలో ఆ పిల్ల పలికిన అతి పొడుగు వాక్యం "థాంక్యూ సో మచ్". మాటలన్నీ నోట్‌బుక్‌లోకే పోతాయి. నెల రోజులుగా ఆ నోట్‌బుక్‌లో ప్రతి పేజీ ఒకే సంగతితో మొదలవుతోంది. అమ్మ ఈరోజు మూడు గంటలు పడుకుంది. అమ్మ ఈరోజు రెండున్నర. అమ్మ సోఫా మీద కూర్చుని బట్టలు మడతపెడుతూ పావుగంట.

మార్చి నెల రెండో ఆదివారం ప్రిస్సిల్లాకి సెలవు దొరికింది. ఆరు వారాల తరవాత మొదటి సెలవు. ఆ ఒక్కరోజు అమ్మ ఏ పనీ చెయ్యకుండా చూడాలి, వీలైతే ఒక్క కునుకు తియ్యనివ్వాలి. పర్సిస్ కోరికల్లా అదే. ఇంట్లో ఉంటే జరిగే పని కాదు. ఇంట్లో గిన్నెలున్నాయి, వాషింగ్ మెషీన్ ఉంది, అన్నిటికన్నా ముందు ఫోనుంది.

టార్పన్ స్ప్రింగ్స్ నిండా గ్రీకులే. నూరేళ్ళ కిందట సముద్రం అడుగున స్పంజీలు ఏరడానికి వచ్చి ఇక్కడే పాతుకుపోయారు. ఊరికి ఎదురుగా, పడవలో పావుగంట దూరంలో ఒక చిన్న దీవి ఉంది. ఆదివారం గుడి అయ్యాక గ్రీకులు ఇంటిల్లిపాదీ అక్కడికి పోయి సాయంత్రం దాకా ఏమీ చెయ్యరని పర్సిస్ తరగతిలో ఒకమ్మాయి చెబుతుండగా వింది. ఏమీ చెయ్యరట! ఆ మాట పర్సిస్ చెవిలో తేనె పోసినట్టయింది. ఇంట్లో దానికి గ్రీకు దీవి అని పేరు పెట్టేశారు.

చిక్కల్లా నాన్నతో. అబ్రహాం నరసాపురం బస్టాండులో ఇరవై రెండేళ్ళు కంట్రోలర్‌గా చేసి, వాలంటరీ తీసుకుని వచ్చాడు. ఏ పనికైనా గంట ముందు చేరకపోతే ఆయనకి అన్నం సయించదు. దీవికని చెప్పగానే కాగితం తీసి చార్టు గీశాడు. పది గంటల పడవ. పదిన్నరకి దీపస్తంభం. పదకొండూ పదికి గవ్వలు. పన్నెండుకి భోజనం, పన్నెండున్నరకి చేతులు కడుగుట. అలా పదకొండు వరసలు. చిట్టచివర, సాయంత్రం ఆరున్నరకి పక్క నగరం టాంపాలో తెలుగు ఆరాధన. అక్కడ ఆ రోజు వాక్యం చదివే వంతు మొదటిసారిగా అబ్రహాంకి వచ్చింది. రెండు వారాలుగా అద్దం ముందు నిలబడి గొంతు సవరించుకుంటున్నాడు.

"నాన్నా, ఒక్కటి అడగనా? ఫోన్లు ఇంట్లో వదిలేద్దాం" అంది పర్సిస్ శనివారం రాత్రి.

"ఎందుకే?"

"హాస్పిటల్ వాళ్ళు చేస్తారు. అమ్మ ష్యూర్ అంటుంది."

అబ్రహాం భార్య వైపు చూశాడు. ఆవిడ పులిహోరకి చింతపండు పిసుకుతూ, వినపడనట్టు నటిస్తోంది.

"వదిలేద్దాంలే. నా చేతికి ఇదుండగా ఫోనెందుకు?" అని మణికట్టు ఎత్తి చూపించాడు. డిపో వాళ్ళు వీడ్కోలు రోజున బహూకరించిన గడియారం అది. "నరసాపురంలో బస్సులన్నీ నా వాచీ చూసి కదిలేవి. ఆకాశవాణి వాళ్ళు కూడా నన్నడిగి చెప్పేవారు వార్తలు."

"అబ్బో" అంది ప్రిస్సిల్లా.

ఫోన్లు రెండూ కట్టేసి పర్సిస్ బియ్యం డబ్బా పక్కన పెట్టి తలుపేసింది.

పొద్దున అబ్రహాం గడియారంలో తొమ్మిదికి ఐదు నిమిషాలుందనగా రేవులో ఉన్నారు. పది గంటల పడవకి గంట ముందన్నమాట. తీరా చూస్తే టికెట్లమ్మే అమ్మాయి "రండి రండి, తీసేస్తున్నాం!" అని చెయ్యూపుతోంది. ముగ్గురూ పరిగెత్తి ఎక్కారు.

"చూశావా, పెందలాడే వస్తే ముందు పడవ దొరికింది. వీళ్ళు తొమ్మిదికి కూడా ఒకటి నడుపుతున్నట్టున్నారు, బోర్డు మీద రాయలేదంతే" అని అబ్రహాం ఛాతీ విరుచుకున్నాడు. తిరుగు పడవల్లో ఆఖరిది నాలుగింటికని ఆ అమ్మాయి చెబితే, చార్టులో ఉన్నదే కదా అన్నట్టు తలాడించాడు.

దీవి ఎంతో లేదు. తెల్లటి ఇసుక, ఈత చెట్లలాంటి పొట్టి చెట్లు, ఒక చివర దీపస్తంభం. నీళ్ళు గాజుసీసా రంగులో మోకాలి లోతున నిలబడి ఉన్నాయి. పర్సిస్ ఒక చెట్టు నీడ వెతికి చాప పరిచింది, తలకింద పెట్టుకోడానికి తువ్వాలు మడిచింది.

"అమ్మా, కూర్చో."

"కూర్చుంటా పాపా, ముందు ఈ డబ్బాలు సర్దనీ."

డబ్బాలయ్యాక ఇసుక అంటిందని చాప దులిపింది. చాపయ్యాక ఎవరో వదిలేసిన సీసాలేరి సంచిలో వేసింది. తరవాత అబ్రహాం చార్టు ప్రకారం దీపస్తంభం, ఆ తరవాత గవ్వలు. గవ్వలేరుతూ కూడా ప్రిస్సిల్లా వాటిని సైజు వారీగా విడదీసింది. పులిహోర తిన్నాక మూడు స్పూన్లు కడగడానికి అరగంట పట్టింది, సముద్రం నిండా నీళ్ళున్నాయి మరి. పర్సిస్ వెనకాలే తిరిగి తిరిగి అలిసిపోయింది. అల్లరి పిల్ల వెనక తల్లి తిరగాల్సింది పోయి, ఇక్కడ తల్లి వెనక పిల్ల.

మధ్యాహ్నం ఒక పెద్ద పడవలో గ్రీకు కుటుంబం దిగింది. పదిహేను మంది ఉంటారు. దిగుతూనే దీవంతా గోల. బొగ్గుల పొయ్యి, మడత కుర్చీలు, రేడియో, ఇద్దరు చంటిపిల్లలు. నడుమ నల్లబట్టల పెద్దావిడ. పేరు కల్లియోపి. పడవ నడిపిన భారీ మనిషి ఆవిడ కొడుకు మనోలిస్.

ఆవిడ ఇసుకలో కుంటుకుంటూ రావడం ప్రిస్సిల్లా చూసింది. అంతే, అయిపోయింది. పర్సిస్ "అమ్మా..." అనేలోపే వెళ్ళి ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఐ యామ్ నర్స్. కాలు చూపించండి."

చీలమండ బూరెలా పొంగి ఉంది. పొద్దున గుడి మెట్ల మీద మెలిక పడిందట. పోయి ఎముకల డాక్టరుకి చూపించుకోమంటే ఆవిడ వినలేదని మనోలిస్ చేతులు తిప్పుతూ ఫిర్యాదు చేశాడు. ప్రిస్సిల్లా వేళ్ళతో నొక్కి చూసి, ఎముక విరగలేదని చెప్పింది. ఐసు తెప్పించింది. కాలు గుండెకన్నా ఎత్తులో ఉండాలంది. ఎత్తుగా పెట్టడానికి ఏమీ దొరక్కపోతే ఐసు పెట్టెకి వీపు ఆనించి చాప మీద కూర్చుని, పెద్దావిడని వెనక్కి పడుకోబెట్టి, ఆ కాలు తన ఒళ్ళోనే పెట్టుకుంది.

పర్సిస్‌కి ఏడుపొచ్చింది. ఆరు వారాలకి ఒక సెలవు దొరికితే దీవిలో కూడా డ్యూటీయే.

అబ్రహాం గడియారం మూడూ ఇరవై చూపించగానే లేచాడు. "నేను పోయి రేవు దగ్గర నిలబడతా. మీరిక్కడే ఉండండి. పడవ కనిపించగానే కేకేస్తా."

నలభై నిమిషాలు నిలబడ్డాడు. పడవ రాలేదు. ఇంకో పది నిమిషాలు చూశాడు. "అమెరికాలో కూడా లేటే" అని కాస్త సంతోషించాడు కూడా. వల సర్దుకోడానికి అటుగా వచ్చిన మనోలిస్ ఆయన్ని చూసి, ఎవరికోసం అని అడిగాడు.

"నాలుగింటి పడవ కోసం."

"అది వెళ్ళి గంట దాటింది కదా. ఇప్పుడు ఐదూ పది."

అబ్రహాం నవ్వి తన గడియారం చూపించాడు. మనోలిస్ తన ఫోన్ చూపించాడు. అబ్రహాం నవ్వు ఆగింది.

"ఈ తెల్లవారుజామున గడియారాలు గంట ముందుకి జరిపారు. ఏటా మార్చిలో జరుపుతారు" అన్నాడు మనోలిస్.

"మరి నవంబర్లో ఒక గంట ఎక్కువ ఇచ్చారే?"

"అదే. ఇప్పుడు తీసేసుకున్నారు."

"ఎవర్నడిగి?" అన్నాడు అబ్రహాం. ఇరవై రెండేళ్ళలో ఆయనకి తప్పిన బండి లేదు. పొద్దున తాము ఎక్కింది ముందు పడవ కాదనీ, సరిగ్గా పది గంటల పడవేననీ అప్పుడు తట్టి, చెవులు వేడెక్కాయి.

మనోలిస్ మంచివాడు. "దిగులెందుకు, నేను దింపుతాను. కానీ ఇప్పుడే రావాలి. నీరు తీస్తోంది. ఇంకో పావుగంటైతే నా పడవ ఇసుకలో కూర్చుంటుంది. తరవాత పోటు వచ్చి లేపాలి, ఎనిమిదవుతుంది" అన్నాడు.

ఇప్పుడు బయలుదేరితే ఆరున్నరకి టాంపా అందుకోవచ్చు. అబ్రహాం ఇసుకలో పరుగు తీశాడు.

ఈలోపు చాప దగ్గర జరిగిన సంగతి ఇది. ప్రిస్సిల్లా ఐసు మార్చింది. కాలు ఒళ్ళో ఉంది కాబట్టి లేవడానికి లేదు. సంచి అందలేదు, గిన్నెలు అందలేదు, చీపురు సముద్రం అవతల ఉంది. చేతులకి చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. పర్సిస్‌తో "రేపు నీ యూనిఫామ్..." అని మొదలుపెట్టింది. ఈ దేశంలో యూనిఫామ్ లేదు కదా అని పర్సిస్ అనబోయి తలెత్తేసరికి, అమ్మ తల ఐసు పెట్టె మీదికి వాలిపోయి ఉంది. నోరు కొంచెం తెరుచుకుంది. ఊపిరి పొడుగ్గా, సాగుతూ వస్తోంది.

పర్సిస్ తన ఊపిరి బిగబట్టింది. కల్లియోపి ఒక కన్ను తెరిచి నర్సుని చూసింది, పిల్లని చూసింది. కాలు కదపబోయి మానేసి, మళ్ళీ కళ్ళు మూసుకుంది.

అదిగో, అప్పుడొచ్చాడు అబ్రహాం రొప్పుకుంటూ. "ప్రిస్సీ! లే, లే, పడవ..."

పర్సిస్ లేచి అడ్డంగా నిలబడింది. "నాన్నా, లేపొద్దు."

"ఏంటే లేపొద్దు? ఆరాధన ఆరున్నరకి! వాక్యం చదవాలి నేను!"

"మెల్లిగా నాన్నా. అమ్మ పడుకుంది."

"పడవలో పడుకుంటుందిలే, కార్లో పడుకుంటుంది."

"పడుకోదు. నీకు తెలుసు. లేచిందంటే ఇంక అంతే."

ఒడ్డు నుంచి మనోలిస్ శంఖంలాంటి గొంతుతో "కమాన్, కమాన్! నీళ్ళు పోతున్నాయి!" అని అరిచాడు. ప్రిస్సిల్లా కనురెప్పలు అదిరాయి. పర్సిస్ అటు తిరిగింది. పదిహేను మంది గ్రీకులు తనవైపే చూస్తున్నారు. మామూలు రోజైతే ఆ చూపులకే ఇసుకలో కూరుకుపోయేది. ఇప్పుడు రెండు చేతులూ బార్లా చాపి, గుసగుసగానే, అందరికీ వినిపించేలా అంది.

"ప్లీజ్. మై మదర్ ఈజ్ స్లీపింగ్. సిక్స్ వీక్స్ నో స్లీప్. నో బోట్. ప్లీజ్, నో బోట్."

కల్లియోపి పడుకున్నచోటు నుంచే గ్రీకులో ఏదో బుస్సుమంది. ఆషామాషీ మాట కాదు అది. ఎందుకంటే మనోలిస్ లాంటి మనిషి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. రేడియో ఠపీమని ఆగింది. ఎవరో చంటిపిల్లల్ని ఎత్తుకుని దీపస్తంభం వైపు నడిచారు. ఒక్క నిమిషంలో దీవిలో అలల చప్పుడు తప్ప మరేమీ లేదు.

అబ్రహాం భార్య మొహంలోకి చూశాడు. పర్సిస్ పక్కన కూలబడి, గొంతు బాగా తగ్గించి చెప్పాడు. "పెళ్ళైన కొత్తలో పాలకొల్లు నుంచి వస్తున్నామే, బస్సులో. నా భుజం మీద ఇలాగే నిద్రపోయింది. మన స్టాపొచ్చింది."

"లేపావా?"

"లేపబుద్ధి కాలేదు. నరసాపురం దాకా పోయి, మళ్ళీ వెనక్కి తిరుగు బస్సులో వచ్చాం. మా అమ్మ తిట్టింది చూడూ..."

"మరి?"

"మరేంటి. సరే" అన్నాడు అబ్రహాం. అని, మనోలిస్ దగ్గర ఫోన్ అడిగి తీసుకుని దూరంగా నడిచాడు. కంట్రోలర్లకి నంబర్లన్నీ నోటికొస్తాయి.

"పాస్టర్ గారూ, వందనాలండీ, అబ్రహాంని. ఈ పూట రాలేనండీ... లేదండీ, అందరం బాగున్నాం. మా ఆవిడ పడుకుందండీ... అయ్యో, జ్వరం కాదండీ. ఊరికే పడుకుంది. బాగా పడుకుందండీ." అవతలి నుంచి ఏమన్నారో, అబ్రహాం మొహం విప్పారింది. "అలాగేనండీ. వచ్చే వారం చదువుతా."

పడవ నెమ్మదిగా ఇసుకలో కూర్చుంది. ఇంక ఎవరికీ ఎక్కడికీ వెళ్ళే పని లేదు.

పదిహేను మంది గ్రీకులు నోరు మూసుకుని సాయంత్రం గడపడం వాళ్ళ చరిత్రలో అదే మొదటిసారట. మనోలిస్ తరవాత చెప్పాడు. ముసలాళ్ళిద్దరు పాచికలాట ఆడుతున్నారు. పాచికలు చెక్కమీద టకటకలాడుతున్నాయని పలక మీద తువ్వాలు పరిచి ఆడారు. గెలిచినవాడు లేచి చప్పుడు లేకుండా గంతులేశాడు. ఆడవాళ్ళు చేతి సైగలతో పోట్లాడుకున్నారు. ఇవి వాళ్ళకి ఉపవాస దినాలు, మాంసం ముట్టరు. అందుకని బొగ్గుల మీద ఆక్టోపస్ కాల్చి, నిమ్మకాయ పిండి, ఆలివ్ కాయలతో పెట్టారు.

"ఇది ఉపవాసమా?" అన్నాడు అబ్రహాం కూతురి చెవిలో. మూడో ముక్క తిన్నాక, "ఇలాగైతే నలభై రోజులూ చేస్తాను నేను కూడా" అన్నాడు.

బదులుగా పర్సిస్ మిగిలిన పులిహోర డబ్బా చుట్టూ తిప్పింది. ఒక్కొక్కరికీ పళ్ళెంలో పెడుతూ "పీనట్... నాట్ లెమన్, టామరిండ్..." అని ఇంగ్లీషులో చెబుతూ పోయింది. చెబుతున్నానన్న సంగతి సగం మందికి పెట్టాక గాని తనకే తెలియలేదు. మనోలిస్ ఎండుమిరపకాయని కాయగూర అనుకుని నమిలాడు. కళ్ళు ఎర్రబడ్డాయి, మొహం ఉబ్బింది. దగ్గొస్తోంది. తల్లి వైపు చూశాడు. ఆవిడ వేలు చూపించింది. ఆ భారీ మనిషి నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని సముద్రంలోకి పరిగెత్తి, నడుం లోతున ఆగి, తల నీళ్ళలో ముంచి దగ్గాడు. బుడగలొచ్చాయి. ఒడ్డున అందరూ భుజాలు కుదుపుకుంటూ, చప్పుడు చెయ్యకుండా, కన్నీళ్ళొచ్చేలా నవ్వారు. పర్సిస్ నవ్వాపుకోలేక మొహం ఇసుకలో దాచుకుంది.

అంతలో నీళ్ళ మీద మోటారు బండి తోలుకుంటూ ఒక కుర్రజంట రయ్యిమని దీవి వైపు వచ్చారు. అబ్రహాం ఒక్క ఉదుటున లేచాడు. అలల్లోకి దిగి కుడిచెయ్యి నిలువుగా పెట్టాడు. ఆగు. ఎడమచేత్తో పక్కకి తోశాడు. అటు తిప్పు. నరసాపురం బస్టాండులో ఎన్ని ఎక్స్‌ప్రెస్సుల్ని వెనక్కి తిప్పిన చేతులో అవి! బండివాళ్ళు ఆయన్ని ఎవరో అధికారి అనుకున్నారు. మోటారు తగ్గించి, "సారీ సర్" అన్నట్టు చేతులెత్తి, దూరంగా చుట్టుతిరిగి వెళ్ళిపోయారు. గ్రీకులు చప్పుడు కాకుండా చప్పట్లు కొట్టారు. ఆ తరవాత పొద్దు గూకేదాకా ఆయన ఆ ఒడ్డు వదల్లేదు.

సూర్యుడు నీళ్ళకి జానెడు ఎత్తులోకి దిగాడు. కల్లియోపి అప్పటికి రెండు గంటలకు పైగా కాలు కదపలేదు. పర్సిస్ దగ్గరికి వెళ్ళి, నొప్పిగా ఉందా అని అడిగింది.

"వాపు తగ్గింది. తిమ్మిరెక్కింది. ఈ కాలు ఇప్పుడు నాది కాదు, మీ అమ్మది" అంది ఆవిడ గుసగుసగా. "మా ఊళ్ళో, ఆ అసలు గ్రీకు దీవిలో, మధ్యాహ్నం ఎవరైనా నిద్రపోతుంటే గాడిదని కూడా వేరే దారిలో తోలుకెళ్ళేవాళ్ళం. ఇక్కడికొచ్చాక అందరికీ తొందర. నువ్వు బాగా అరిచావు పిల్లా."

"నేను అరవలేదండీ."

"అరిచావు. నెమ్మదిగా అరిచావు."

పర్సిస్ సిగ్గుపడి కాలివేళ్ళతో ఇసుక తవ్వింది. ఆవిడ చీర చెంగులాంటి నల్లశాలువా తీసి ఇస్తే, ప్రిస్సిల్లా భుజాల మీద కప్పింది.

నీరు మళ్ళీ ఎక్కింది. మనోలిస్ పడవ ఊగడం మొదలుపెట్టింది. కుర్చీలు మడిచారు, పొయ్యి ఆర్పారు, చంటిపిల్లల్ని ఎక్కించారు. ఇంక మిగిలింది చాప, ఐసు పెట్టె, వాటి మీద ఇద్దరాడవాళ్ళు. అబ్రహాం వచ్చి, లేపనా వద్దా అన్నట్టు కూతురి మొహంలోకి చూశాడు. పర్సిస్ చాప పక్కన కూర్చుని, అమ్మ చెయ్యి పట్టుకుంది.

"అమ్మా."

ప్రిస్సిల్లా సగం కళ్ళు తెరిచింది. ఎర్రటి ఆకాశం, చుట్టూ నిలబడ్డ ఇంతమంది మనుషులు, ఒళ్ళో కాలు. అలవాటు కొద్దీ వేళ్ళు ముందు ఆ చీలమండని నొక్కి చూశాయి. తగ్గింది. ఇప్పుడు లేస్తుంది, లేచి క్షమించమంటుంది, డబ్బాలు సర్దుతుంది అని పర్సిస్ ఆ చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది.

ప్రిస్సిల్లా శాలువా గడ్డం దాకా లాక్కుంది.

"పాపా, ఇంకో పది నిమిషాలే" అని, చిన్నపిల్లలా అటు తిరిగి పడుకుంది.

పర్సిస్ తలెత్తి అందరివైపూ చూసింది. మనోలిస్ మడిచిన కుర్చీని మళ్ళీ విప్పాడు.